రేడియేషన్ రక్షణ చదువు: బొగ్గు బెల్టు విద్యార్థికి ఏది పనికొస్తుంది?

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో భద్రత అనేది పరీక్ష రాసి నేర్చుకునే చదువు. బొగ్గు బాయిలో సర్దార్ కావాలన్నా, ఓవర్‌మన్ కావాలన్నా గనుల భద్రతా శాఖ పరీక్ష పాసవ్వాలి, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పరీక్షలకు ఏ పుస్తకం చదవాలో, ఎవరి దగ్గర నోట్సు దొరుకుతుందో కార్మికవాడల్లో ఎవరినడిగినా చెబుతారు. రేడియేషన్ దగ్గర పనిచేయబోయే పిల్లలకు మాత్రం ఈ ప్రాంతంలో అలాంటి దారి చూపేవాళ్లు కనబడరు.

అవసరం లేదేమో అనుకోవడానికి వీల్లేదు. గోదావరిఖని ఆసుపత్రుల్లో, డయాగ్నొస్టిక్ సెంటర్లలో ఎక్స్‌రే గదులున్నాయి. 2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాల వెల్డింగ్ బాగుందో లేదో చూడటానికి ఇరిడియం-192 గామా కెమెరాలు వాడతారు. బొగ్గు అన్వేషణలో బోరు రంధ్రంలోకి గామా పరికరాలు దింపి పొరల మందం, సాంద్రత తెలుసుకుంటారు. బంకర్లలో మట్టం, బెల్టు మీద బొగ్గులో బూడిద శాతం కొలవడానికి సీజియం, అమెరీషియం మూలాలున్న గేజీలు పరిశ్రమలో మామూలే. ఇక ఈ పెద్దపల్లి జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లి పైపులైన్ల మీద వెల్డు పరీక్షలు చేసే యువకులూ ఉన్నారు. వీళ్లందరికీ కావలసిన శాస్త్రం ఒకటే: హెల్త్ ఫిజిక్స్. ఆ శాస్త్రం నేర్చుకోవడానికి ఏమేం దొరుకుతున్నాయి, అందులో ఏది ఎవరికి పనికొస్తుంది, ఏది తప్పుదారి పట్టిస్తుంది, ఇంకా ఏది కొరవడింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఈ శాస్త్రం ఏం నేర్పుతుంది

హెల్త్ ఫిజిక్స్ అన్న పేరు 1942లో షికాగో విశ్వవిద్యాలయంలో, తొలి అణు రియాక్టరు కడుతున్న రోజుల్లో పుట్టింది. అక్కడి పనివాళ్లను రేడియేషన్ నుంచి కాపాడే బాధ్యత భౌతికశాస్త్రవేత్తల బృందానికి అప్పగించారు. ఆనాటి నుంచి ఈ విద్యలో నాలుగు భాగాలున్నాయి. రేడియేషన్ పదార్థంతో ఎలా వ్యవహరిస్తుందో చెప్పే భౌతికశాస్త్రం మొదటిది. దాన్ని కొలిచే పరికరాల విద్య రెండోది. జీవకణాల మీద దాని ప్రభావం మూడోది. చట్టం, డోసు పరిమితులు, పని పద్ధతి నాలుగోది. మంచి పుస్తకమైనా, మంచి కోర్సయినా ఈ నాలుగింటినీ కలిపి చెప్పాలి. ఒక్కటి వదిలినా ఆ చదువు పనిచోట నిలబడదు.

తెలుగులో ఉన్న మొదటి మెట్టు

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలోని పరమాణువులు, కేంద్రకాల పాఠాలే ప్రవేశద్వారం. తెలుగు అకాడమీ పుస్తకాల పుణ్యమా అని రేడియోధార్మికత, అర్ధజీవితకాలం, ద్రవ్యరాశి లోపం, కేంద్రక విచ్ఛిత్తి లాంటి మాటలు మనకు స్థిరపడ్డాయి. పునాదికి ఇవి బాగా సరిపోతాయి. అర్ధజీవితకాలం సరిగ్గా అర్థమైన పిల్లవాడికి ఇరిడియం-192 మూలం దాదాపు 74 రోజులకు సగమవుతుందని, 148 రోజులకు పావు వంతే మిగులుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఆ పాఠాలు రక్షణ దాకా రావు. కేంద్రకం ఎలా విఘటనం చెందుతుందో చెబుతాయి తప్ప ఆ కిరణం మనిషికి తగిలితే ఏమవుతుందో, గ్రే అంటే ఏమిటో, సీవర్ట్ అంటే ఏమిటో, గోడ ఎంత మందం ఉండాలో విద్యార్థి వేరే చోట వెతుక్కోవాలి. తెలుగులో దారి సన్నగిల్లేది ఇక్కడే. ఇంటర్ పాఠానికీ ఇంగ్లిషు పాఠ్యగ్రంథానికీ మధ్య ఒక మెట్టు లేదు. ఈ సమీక్ష అంతటిలో నాకు కనిపించిన అతి పెద్ద లోటు ఇదే.

మూల గ్రంథాలు

ప్రపంచమంతటా ఈ విద్యకు మొదటి పాఠ్యపుస్తకంగా చెప్పుకునేది హెర్మన్ సెంబర్ రాసిన 'ఇంట్రడక్షన్ టు హెల్త్ ఫిజిక్స్'. 1969లో మొదటి ముద్రణ వచ్చింది. తర్వాతి ముద్రణలకు థామస్ జాన్సన్ తోడయ్యారు. యాంత్రికశాస్త్రం, విద్యుత్తు నుంచి మొదలుపెట్టి డోసు లెక్కలు, కవచాలు, అంతర్గత కాలుష్యం దాకా నడిపిస్తుంది. ప్రతి అధ్యాయం చివర లెక్కలుంటాయి. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, తనంతట తానే నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి తోడు లేదు. లెక్కలు చేయకుండా చదివితే మాత్రం దీనివల్ల ప్రయోజనం సగమే.

జేమ్స్ టర్నర్ 'ఆటమ్స్, రేడియేషన్, అండ్ రేడియేషన్ ప్రొటెక్షన్' భౌతికశాస్త్రం వైపు ఇంకా లోతుగా వెళుతుంది. ఎంఎస్సీ విద్యార్థికి నప్పుతుంది. పరికరాల విషయంలో గ్లెన్ నోల్ 'రేడియేషన్ డిటెక్షన్ అండ్ మెజర్‌మెంట్' ప్రామాణికం. కొత్తవాళ్లు దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని కూర్చుంటే విసిగిపోతారు. వాయువు నింపిన డిటెక్టర్లు, సింటిలేటర్లు, లెక్కింపులో దోషాల గణాంకం అన్న అధ్యాయాలు ముందు చదివితే చాలు. ఆ గణాంకం చిన్న విషయం కాదు. వంద లెక్కలు వస్తే దోషం అటూ ఇటూ పది, అంటే పది శాతం. పదివేల లెక్కలు వస్తే దోషం వంద, అంటే ఒక్క శాతం. ఇది తెలిసినవాడు మీటరు కాసేపు టిక్కుటిక్కుమనగానే కంగారుపడడు, కాసేపు మూగబోయిందని ధైర్యం తెచ్చుకోడు.

జీవశాస్త్రం వైపు ఎరిక్ హాల్ 'రేడియోబయాలజీ ఫర్ ది రేడియాలజిస్ట్' చదవడానికి సులువు. భౌతికశాస్త్రం రాని వైద్య విద్యార్థికి కూడా అర్థమవుతుంది. మన దేశ పుస్తకాల్లో కె. తయాళన్ రాసిన 'టెక్స్ట్‌బుక్ ఆఫ్ రేడియలాజికల్ సేఫ్టీ'ని ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు పిల్లలకు ముందుగా సూచించవచ్చు. విదేశీ గ్రంథాలతో పోలిస్తే లోతు తక్కువే కానీ, ఆసుపత్రిలో పనికొచ్చే సంగతులు, మన నిబంధనల వైపు దృష్టి అందులో ఉన్నాయి.

ఖర్చు లేకుండా దొరికేవి

డబ్బు లేదని ఆగిపోవలసిన చదువు కాదిది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ విద్యార్థుల కోసం, అధ్యాపకుల కోసం మూడు పెద్ద గ్రంథాలు ఉచితంగా ఇస్తోంది. రేడియేషన్ చికిత్స భౌతికశాస్త్రం మీద 2005లో పోద్‌గోర్సక్ సంపాదకత్వంలో ఒకటి వచ్చింది. డయాగ్నొస్టిక్ రేడియాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ మీద 2014లో మిగతా రెండు వచ్చాయి. ఒక్కొక్కటి వందల పేజీల పూర్తి పాఠ్యగ్రంథం. ఆసుపత్రి వైపు వెళ్లేవాళ్లు కొనకుండానే వీటితో చదువు సాగించవచ్చు. అదే సంస్థ 2014లో వెలువరించిన ప్రాథమిక భద్రతా ప్రమాణాలు కూడా ఉచితమే. దేశదేశాల నిబంధనలకు అవే ఆధారం.

వీడియో పాఠాల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఉచితంగా పెట్టిన, మైఖేల్ షార్ట్ 2016లో బోధించిన అణు ఇంజనీరింగ్, అయనీకరణ రేడియేషన్ ప్రవేశిక కోర్సు మేలైనది. సమీకరణం బోర్డు మీద పుట్టించి చూపిస్తారు, కొలతలు చేయిస్తారు. ఇంగ్లిషు వేగంగా అనిపిస్తే ఆపి ఆపి వినాలి.

మన దేశంలో భారత రేడియేషన్ రక్షణ సంఘం 1968 నుంచి పనిచేస్తోంది. దాని పత్రిక 'రేడియేషన్ ప్రొటెక్షన్ అండ్ ఎన్విరాన్‌మెంట్'లో భారతీయ గనులు, నేలలు, నీళ్లు, ఆసుపత్రుల మీద వ్యాసాలుంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం వారు ఏళ్ల తరబడి తెలంగాణ పల్లెల్లో, ఇళ్లలో రేడాన్, గామా కొలతలు తీసి ప్రచురించారు. మన గ్రానైటు నేలల సహజ రేడియేషన్ ఎంతో తెలుసుకోవాలంటే ఆ వ్యాసాలే దిక్కు.

మన చట్టం, మన అంకెలు

విదేశీ పుస్తకంతో చదివేవాళ్లు జారిపడే చోటు డోసు పరిమితులు. అమెరికా గ్రంథాల్లో పనివాడికి ఏడాది పరిమితి 50 మిల్లీసీవర్టులని ఉంటుంది. మన దగ్గర లెక్క వేరు. అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు. అమెరికా పుస్తకం బట్టీపట్టి ఇక్కడ పరీక్ష రాస్తే మార్కు పోతుంది, పనిచోట అదే అంకె వాడితే అంతకన్నా పెద్ద నష్టం జరుగుతుంది.

పాత ముద్రణల బెడద ఇంకొకటి. సెకండ్‌హ్యాండ్ పుస్తకాల్లో రాడ్, రెమ్ లెక్కలుంటాయి. వంద రెమ్‌లు ఒక సీవర్టు అని గుర్తుంచుకుంటే అవి చదువుకోవచ్చు. కానీ అవయవాల సున్నితత్వానికి ఇచ్చే గుణకాలు కూడా మారాయి. అంతర్జాతీయ రేడియలాజికల్ రక్షణ సంఘం 1990 సిఫార్సుల్లో అండాశయాల, వృషణాల గుణకం 0.20 ఉండేది. 2007 సిఫార్సుల్లో, అంటే 103వ ప్రచురణలో, అది 0.08 అయింది. రొమ్ముకు 0.05 ఉన్నది 0.12 అయింది. కంటి కటకానికి పరిమితిని 2011లో 150 నుంచి 20 మిల్లీసీవర్టులకు తగ్గించాలని ఆ సంఘం సూచించింది. అందుకే ఏ పుస్తకమైనా తెరవగానే ముద్రణ సంవత్సరం చూడాలి. భౌతికశాస్త్రం పాత పుస్తకంలోనూ చదువుకోవచ్చు, పరిమితులు మాత్రం కొత్త దానిలోనే చూడాలి.

మన అంకెలకు మూలం అణుశక్తి నియంత్రణ మండలి. 1962 అణుశక్తి చట్టం కింద 1983 నవంబరు 15న ఏర్పడిన ఈ సంస్థ 2004 రేడియేషన్ రక్షణ నియమాల కింద పనిచేస్తుంది. దాని భద్రతా స్మృతులు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎక్స్‌రే గది నడిపేవారు 2016లో సవరించిన డయాగ్నొస్టిక్ ఎక్స్‌రే స్మృతిని తప్పనిసరిగా చదవాలి. గది కొలతలు, సీసపు ఏప్రాన్, నాణ్యతా పరీక్షలు, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవన్నీ కొద్ది పేజీల్లో ఉన్నాయి. డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలన్న సంగతి కూడా మన పద్ధతి చెప్పే పత్రాల్లోనే తెలుస్తుంది. ఎక్స్‌రే టెక్నీషియన్‌కు వెయ్యి పేజీల గ్రంథం కన్నా ఈ పత్రం ముందు కావాలి. ఇబ్బందల్లా ఇవి ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండటమే.

బూడిద ప్రశ్న: ఒక పరీక్ష

ఏ వనరు మంచిదో తేల్చడానికి రామగుండం వాళ్లకు చేతికందే ప్రశ్న ఒకటుంది. బొగ్గు బూడిదలో రేడియోధార్మికత ఎంత? అణు వ్యర్థాల కన్నా బొగ్గు బూడిదే ప్రమాదకరమన్న మాట ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. దాని వెనుక 1978లో 'సైన్స్' పత్రికలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు రాసిన వ్యాసముంది. వాళ్లు పోల్చింది మామూలుగా నడిచే బొగ్గు కేంద్రం చిమ్నీ నుంచి, అణు కేంద్రం నుంచి గాలిలోకి వెలువడే వాటి వల్ల చుట్టుపక్కల వాళ్లకు వచ్చే డోసును. వాడేసిన అణు ఇంధనాన్ని బూడిద కుప్పతో పోల్చలేదు. బొగ్గులో యురేనియం పది లక్షల్లో 1 వంతు, థోరియం 2 వంతులు, బూడిదలో 1 శాతం గాలిలోకి పోతుంది అన్న ఊహల మీద ఆ లెక్క నడిచింది. మూలవ్యాసం దాకా వెళ్లనివాళ్లకు ఈ షరతులు తెలియవు.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1997లో వేసిన చిన్న కరపత్రం దీనికి మంచి విరుగుడు. అమెరికా బొగ్గులో యురేనియం మామూలుగా పది లక్షల్లో 1 నుంచి 4, ఎగిరే బూడిదలో 10 నుంచి 30 వంతులని, ఆ స్థాయి గ్రానైటు, షేలు లాంటి మామూలు రాళ్లలోనూ ఉంటుందని వివరిస్తుంది. నాలుగు పేజీల్లో ఇంత తూకంగా చెప్పిన రచన అరుదు.

అయినా ఆ అంకెల్ని ఎత్తుకొచ్చి రామగుండం బూడిద చెరువుకు అంటగట్టలేం. బొగ్గులో పది శాతం బూడిద ఉంటే, కాలాక మిగిలే ఖనిజాలు దాదాపు పది రెట్లు చిక్కబడతాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. నలభై శాతం బూడిద అనుకుంటే చిక్కబడేది రెండున్నర రెట్లే. కిలో బూడిదలో గాఢత తక్కువ, కానీ టన్ను బొగ్గుకు మిగిలే బూడిద నాలుగింతలు. రెండు వైపులా చూడాలి. ఈ చిన్న భాగహారం స్వయంగా చేయగలిగేలా విద్యార్థిని తయారుచేసేదే మంచి వనరు. భయపెట్టేదీ కాదు, ఏమీ లేదని బుజ్జగించేదీ కాదు.

బాయిలో రేడాన్ సంగతీ అంతే. రేడాన్ రేడియోధార్మిక వాయువు, దాని అర్ధజీవితకాలం 3.8 రోజులు. గాలి నిలిచిపోయిన చోట పేరుకుంటుంది, గాలి ఆడే చోట పలుచబడుతుంది. మీథేన్ కోసం వెంటిలేషన్ చదువుకున్న ఓవర్‌మన్‌కు ఈ అధ్యాయం సగం వచ్చినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వేసిన రేడాన్ చేతిపుస్తకం ఉచితం. అయితే అది ప్రధానంగా ఇళ్ల గురించి. ఇంటికి ఘనపు మీటరుకు 100 బెకరల్ స్థాయిని సూచిస్తూ, అది సాధ్యం కాని చోట 300 దాటకూడదంటుంది. గనుల కోసం అంతర్జాతీయ రక్షణ సంఘం 2014 నాటి 126వ ప్రచురణ చూడాలి.

కోర్సులు, సర్టిఫికెట్లు

ఎంఎస్సీ ఫిజిక్స్ చదివినవారికి ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా అత్యంత గౌరవమున్న దారి. 1962 నుంచి నడుస్తున్న ఏడాది కోర్సు ఇది. క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టులుగా పనిచేసేవారిలో ఎందరో ఈ బడి నుంచి వచ్చినవాళ్లే. హైదరాబాద్‌లో ఉస్మానియా, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం మెడికల్ ఫిజిక్స్ ఎంఎస్సీలు నడుపుతున్నాయి. ఎక్కడ చేరినా ఆ కోర్సుకు నియంత్రణ మండలి గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోవాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్ ఫిజిసిస్టును గుర్తించిన వృత్తుల జాబితాలో చేర్చింది. బీఎస్సీ ఫిజిక్స్ దగ్గర ఆగినవాళ్లు అణు విద్యుత్ సంస్థ ప్రకటించే హెల్త్ ఫిజిక్స్ ట్రైనీ పోస్టుల మీద కన్నేసి ఉంచాలి.

వెల్డు పరీక్షల వైపు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రైవేటు సంస్థలు కొద్ది రోజుల్లో ఇచ్చే ఎన్‌డీటీ (వస్తువును చెడగొట్టకుండా చేసే పరీక్ష) లెవల్-2 సర్టిఫికెట్ ఫిల్ము చూసి లోపం పట్టే నైపుణ్యానికి సంబంధించినది. గామా కెమెరా చేతబట్టడానికి మన దేశంలో నియంత్రణ మండలి గుర్తించిన రేడియోగ్రాఫర్ శిక్షణ వేరే ఉంది. రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మి ఫీజు కట్టొద్దు.

మీటరు పట్టని చదువు

ఈ విద్య కాగితం మీద పూర్తి కాదు. మూలానికి ఒక మీటరు దూరంలో గంటకు 400 మైక్రోసీవర్టులుంటే రెండు మీటర్ల దగ్గర 100, నాలుగు మీటర్ల దగ్గర 25 ఉంటుందని పుస్తకం చెబుతుంది. స్వయంగా కొలిచి చూసినవాడు ఆ సంగతి జన్మలో మరిచిపోడు. దీనికి పెద్ద ఖర్చూ లేదు. అయ్యగారి సాంబశివరావు గారు నిలబెట్టిన ఈసీఐఎల్ 1967 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది, రేడియేషన్ పరికరాలు చేస్తోంది. న్యూక్లియోనిక్స్ లాంటి హైదరాబాద్ సంస్థలు కాలేజీ ప్రయోగశాలల కోసమే గీగర్-ముల్లర్ (జీఎం) కౌంటర్లు తయారుచేస్తున్నాయి.

రేడియోధార్మిక మూలం ఎక్కడిదంటారా? పెద్దపల్లి రైతు వరిపొలంలో చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చాలు. సహజ పొటాషియం గ్రాములో సెకనుకు దాదాపు 31 విఘటనలు జరుగుతుంటాయి, అందులోని పొటాషియం-40 వల్ల. పొటాష్ పొట్లం పెట్టి ఒకసారి, తీసి ఒకసారి జీఎం కౌంటరుతో లెక్కపెడితే నేపథ్య రేడియేషన్, దోషం, డిటెక్టరు సామర్థ్యం మూడూ ఒక్క పూటలో అర్థమవుతాయి. డిగ్రీ కాలేజీకి ఇంతకన్నా చవకైన పాఠం దొరకదు.

పరికరం తెలియకపోతే, గుర్తు తెలియకపోతే ఏమవుతుందో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి చూపించింది. ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత గామా యంత్రంలోని కోబాల్ట్-60 తుక్కు దుకాణాల్లో బయటపడింది. ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. పాత ఇనుము కొనే దుకాణాలు, మూతపడే యంత్రాలు పారిశ్రామిక ప్రాంతమన్నాక ఉంటాయి. రేడియేషన్‌ను సూచించే మూడు రెక్కల గుర్తు తెలిసిన మనిషి ప్రతి తుక్కు దుకాణంలో ఉండాలి.

ఏ వరుసలో చదవాలి

ఎక్స్‌రే టెక్నీషియన్ విద్యార్థి ఇంటర్ కేంద్రకాల పాఠం తిరగేసి, 2016 స్మృతి చదివి, తర్వాత తయాళన్ పుస్తకం పట్టుకోవాలి. రేడియోగ్రఫీ వైపు వెళ్లేవాళ్లు దూరంతో డోసు తగ్గే విలోమ వర్గ నియమం, అర్ధజీవితకాలం, కవచం లెక్కలు చేతికి వచ్చేదాకా చేసి, గుర్తింపున్న శిక్షణలోనే చేరాలి. ఫిజిక్స్ డిగ్రీవాళ్లు సెంబర్‌తో మొదలుపెట్టి నోల్‌లో ఎంచిన అధ్యాయాలు, హాల్, ఆపైన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఉచిత గ్రంథాలు చదవాలి. పక్కన 2004 నియమాలు ఎప్పుడూ తెరిచి ఉండాలి. అందరికీ వర్తించే మాట ఒకటుంది. రోజూ ఒక లెక్క చేయని చదువు, ఎప్పుడూ ఒక మీటరు పట్టని చదువు రేడియేషన్ రక్షణ చదువు అనిపించుకోదు.

సమీక్ష తేల్చేది ఇది. ప్రపంచంలో ఈ విద్యకు పుస్తకాల కరువు లేదు. మంచివి చాలావరకు ఉచితం. మనకు కొరవడింది తెలుగులో మధ్యమెట్టు, జిల్లాలో ఒక ప్రయోగశాల. ఈ రెండూ అందని పనులు కావు. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కళాశాల ఉంది, అందులో మైనింగ్ శాఖ ఉంది. రామగుండంలో సింగరేణి బొగ్గు సంస్థ నిధులతో లేచిన వైద్య కళాశాల ఉంది. గనుల్లో శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఈ మూడు చోట్ల అధ్యాపకులు కలిసి కూర్చుంటే డోసు, దూరం, కవచం, బ్యాడ్జి, చట్టం, బూడిద, రేడాన్ గురించి నూరు పేజీల తెలుగు చేతిపుస్తకం తయారవుతుంది. ఒక జీఎం కౌంటరు కొని వారానికో రోజు డిగ్రీ పిల్లలకు, టెక్నీషియన్లకు తెరిచి ఉంచితే ప్రయోగశాల కూడా సిద్ధమైనట్టే. భౌతికశాస్త్రం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ, అధ్యాపకురాలూ ఈ పనిని తమదిగా భావించాలని కోరుతున్నాను. గ్యాస్ టెస్టింగ్ నేర్పి ఎన్నో ప్రాణాలు కాపాడుకున్న ప్రాంతం ఇది. రేడియేషన్ కొలత కూడా ఇక్కడి పిల్లలకు వాళ్ల భాషలో నేర్పాలి.